సమస్యాపూరణం: ‘ఒట్టు వలన పుట్టె నుత్తరంబు’

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది పాదం ఇస్తున్నాను. ఇంగ్లీషు ‘ఆన్సర్’ పుట్టుక చదువుతుంటే తట్టింది. పాత ఇంగ్లీషులో ‘స్వెరియన్’ అంటే ఒట్టు పెట్టడం, నేటి ‘స్వేర్’ అదే. దాని బంధువు ‘స్వరు’కు ముందు ‘ఎదురు’ అనే అర్థమిచ్చే ‘అండ్’ చేరి ‘అండ్‌స్వరు’ అయింది. మోపిన నేరానికి ఎదురు నిలిచి ప్రమాణపూర్వకంగా చెప్పే మాట అది. అరిగి అరిగి ‘ఆన్సర్’గా మిగిలింది. మీరు ఆ కథే చెప్పనక్కరలేదు. ఉత్తరానికి మనకు అర్థాలు చాలా ఉన్నాయి.

మొదటి పూరణ:
దొంగ వనుచు నొకడు దూఱగా సభలోన
కాదు కాద టంచు గట్టిగాను
దేవు నెదుట నిలిచి తిరుగొట్టు పెట్టగా
నొట్టు వలన పుట్టె నుత్తరంబు

నిర్వాహకుడు: అయ్యా, ‘తిరుగొట్టు’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘తిరుగుటపా’ ఉన్న భాషలో ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు వినలేదా అనిపించింది. ‘అండ్‌స్వరు’కు ఇంతకన్న దగ్గరి తెలుగు నాకు తట్టదు. ‘గట్టిగాను’ మాత్రం గణాల కోసం వచ్చింది.

రెండో పూరణ:
అమ్మ పెట్టినట్టి యానను మది నెంచి
వార వార మతడు వ్రాయుచుండె
సంద్ర మవలి యొడ్డు సదనంబు నందుండి
యొట్టు వలన పుట్టె నుత్తరంబు

నిర్వాహకుడు: అమ్మా, జాబు అనే అర్థం చక్కగా పట్టారు. ‘సంద్రం’ పక్కన ‘సదనంబు’ ఇమడలేదు.

మూడో పూరణ:
బొంకి యొట్టు పెట్టి చేజార్చె మానమున్
కాలు నినుము పట్టి కదల వలసె
నిజము పలుకు వాని నేరంబు మాయగా
నొట్టు వలన పుట్టె నుత్తరంబు

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది; ‘బొ’కు ‘చే’ కుదరదు. ‘పోగొట్టె’ అంటే గణమూ యతీ రెండూ నిలుస్తాయి. విషయం మాత్రం అపురూపం. 10వ శతాబ్ది తొలినాళ్లలో ఆంగ్లో-సాక్సన్ రాజు ఎడ్వర్డ్ ది ఎల్డర్ చట్టం ప్రకారం, అబద్ధపు ప్రమాణం చేసినట్టు రుజువైన వాడి ఒట్టు ఇక చెల్లదు. వాడికి దేవుడే నిజం తేలుస్తాడని పెట్టే దివ్యపరీక్షే గతి. కాలిన ఇనుము పట్టుకొని నడవడం అలాంటి పరీక్షే.

మూడో పూరణ కర్త: దిద్దుకున్నానండీ. ఆ అబద్ధపు ఒట్టుకు పాత ఇంగ్లీషులో క్రియ ‘ఫోర్‌స్వెరియన్’, నేటి ‘ఫర్‌స్వేర్’. ఒట్టు పెట్టుకొని ఒకదాన్ని మానేయడానికీ అదే మాట. చిన్నప్పుడు మేము ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అనేవాళ్లం. ఆ గట్టు మీద వచ్చేవారం ఒక పాదం ఇవ్వండి.