యాన్యువల్ డేకి నాటకం వేయిద్దామంటే అందరూ రికార్డ్ డ్యాన్సే అంటున్నారు, ఏం చేయాలి?

ఆదోని టీచరమ్మ

అందరికీ నమస్తే. ఆదోని పక్కన ఒక జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను, మాది కర్నూలు టౌనే. ఫిబ్రవరిలో యాన్యువల్ డే పెడదామని హెచ్ఎం సార్ అన్నారు. స్టాఫ్ మీటింగులో ఒక నాటిక వేయిద్దాం సార్ అని నేను నోరు తెరిచినానో లేదో అందరూ నవ్వినారు. ఈ కాలంలో నాటకాలు ఎవరు చూస్తారు మేడం, నాలుగు సినిమా పాటలు పెడితే ఊరోళ్లు ఈలలేస్తారు, ఫంక్షన్ అయిపోతాది అని.

నా బాధ ఏందంటే ప్రతి సంవత్సరం అదే ఏడెనిమిది మంది పిల్లలు డ్యాన్స్ చేస్తారు, మిగతా స్కూలంతా కుర్చీలు మోసి కింద కూర్చోని చూస్తాది. మాకు చుట్టుపక్కల ఊర్ల నుంచి పిల్లలొస్తారు, ఏ ఊరి బ్యాచ్ ఆ ఊరిదే, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ఊరి లెక్కనే కూర్చుంటారు. ఇది మన స్కూలు అనే మాట ఒక్కరి నోట్లో రాదు. ఒక నాటకం అందరూ కలిసి చేస్తే ఏమన్నా మారతారేమో అని నా ఆశ.

ఇబ్బందులు చాలా ఉన్నాయి. టెన్త్ వాళ్లకి స్టడీ అవర్స్, వాళ్లని ముట్టుకోనియ్యరు. డబ్బులు లేవు. ఆడపిల్లలు మగపిల్లలు కలిసి డైలాగులు చెప్పడం అంటే ఇంట్లో ఒప్పుకోరు. అన్నిటికంటే పెద్దది సుగ్గి, అంటే కూలి పనులకి వలస పోవడం. పత్తికి, మిరపకాయలకి గుంటూరు వైపు కుటుంబాలకి కుటుంబాలే లేచిపోతాయి, ఈరోజు హీరో వేషం ఇచ్చిన పిల్లోడు వచ్చే వారానికి ఊర్లో ఉంటాడో లేడో తెలీదు. ఎవరైనా స్కూల్లో నాటకం వేయించిన వాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

తాడిపత్రి నాటకాల పిచ్చోడు

మేడం, ఆ నవ్వినోళ్లని ఒకసారి మా ఊరికి పంపండి. బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మా తాడిపత్రిలోనే, పేరు మాత్రం బళ్లారి ఎత్తుకపోయింది అనుకోండి. ప్లీడరు పని చేసుకుంటానే స్టేజీ మీద అంత పేరు తెచ్చుకున్నాడాయన. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆంధ్ర నాటక పితామహుడు అంటారే ఆయన. ఆడవేషాలు ఆడోళ్లే వేయాలని ఆ కాలంలోనే రాఘవ గట్టిగా నిలబడినాడు, అప్పుడు మగోళ్లే చీరలు కట్టుకోని వేసేవాళ్లు కదా. మీ ఊరి తల్లిదండ్రులకి ఈ మాట చెప్పి చూడండి, వినకపోతే గొడవ పెట్టుకోవద్దు, ఆడపిల్లలతోనే మొత్తం నాటకం వేయించండి, మగవేషాలు కూడా వాళ్లే వేస్తారు. బాగా వేస్తారు కూడా, నేను చూసినాను.

సుగ్గి సంగతికి ఒకటే మార్గం. ప్రతి వేషానికి ఇద్దరిని పెట్టండి. ఒకరు స్టేజీ మీద, రెండో వాళ్లు తెర పక్కన నిలబడి ప్రాంప్టింగ్ ఇస్తారు, అంటే డైలాగు మర్చిపోతే అందిస్తారు. ప్రాంప్టింగ్ ఇచ్చే పిల్లకి మొత్తం స్క్రిప్టు నోటికొచ్చేస్తాది, మొదటి పిల్ల గుంటూరు పోతే ఈ పిల్ల ఎక్కేస్తాది. ఎవరికి ఎవరు జోడీనో మీరే రాయండి, వేర్వేరు ఊర్ల వాళ్లని కలిపి రాయండి, వాళ్లని ఎంచుకోమంటే మళ్లీ ఊరోళ్లనే ఎంచుకుంటారు.

ఇంకోటి, మీ పక్క ఊర్లల్లో జాతరకి పద్యనాటకాలు ఆడిన పెద్దాయన ఎవరో ఒకరు ఇంకా ఉంటాడు, ఇంట్లో పాత హార్మనీ కూడా ఉంటాది. ఆయన్ని స్కూలుకి పిలిచి ఒక రోజు రిహార్సల్ చూడమనండి. డబ్బులడగడు, కానీ మధ్యలో రాగం తీస్తే మాత్రం ఆపేదానికి కాదు, దానికి రెడీగా ఉండండి.

అనంతపురం పీఈటీ

పిచ్చోడన్న చెప్పింది బాగుంది గానీ నేను ఒక మాట వేరే చెప్తా. మేడం, డ్యాన్స్ తీసేయాలని పట్టుబట్టద్దు. తీసేస్తే ఆ డ్యాన్స్ పిల్లలే మీకు ఎదురు తిరుగుతారు, వాళ్ల ఇండ్ల నుంచి ఫోన్లొస్తాయి. వాళ్లనే నాటకంలోకి లాక్కోండి. కథలో ఒక జాతరో పెండ్లో పెట్టి కోలాటం, చెక్కభజన ఇరికించండి. మా స్కూల్లో చెక్కభజన నేర్పించినప్పుడు క్లాసులో ఎప్పుడూ నోరెత్తని పిల్లోల్లు ముందు వరసలోకొచ్చినారు, అడుగులు లెక్క తప్పితే పక్కోడి కాలు తొక్కుతాం కదా, అందుకని ఒకరినొకరు చూసుకోక తప్పదు, ఏ ఊరోడు అనేది అప్పుడు గుర్తుకు రాదు.

ప్రాక్టీసుకి చివరి పీరియడ్ మా పీఈటీలది అడగండి, ఇస్తారు (నేనైతే ఇస్తా). నో బ్యాగ్ డే ఉండే శనివారాలు వాడుకోండి. సాయంత్రం నాలుగు తర్వాత మాత్రం పెట్టుకోవద్దు, పక్క ఊర్ల పిల్లలకి బస్సు పోతే రాత్రికి మీరే దింపాల్సి వస్తాది.

ఇంక మైకు. స్కూలు నాటకాలు చెడేది యాక్టింగుతో కాదు మైకుతో. ఒక కార్డ్‌లెస్ మైకు పట్టుకోని రాజు మాట్లాడి మంత్రికిస్తాడు, మంత్రి మాట్లాడి భటుడికిస్తాడు, జనం నవ్వక ఏం చేస్తారు చెప్పండి. స్టేజీ ముందర అంచున స్టాండు మీద రెండు మైకులు, కుదిరితే పైనుంచి ఒకటి వేలాడదీయమనండి. సౌండ్ బాక్సులు మైకులకంటే ముందర, జనం వైపు తిప్పి పెట్టాల, వెనకాల పెడితే కుయ్యిమంటాది. సౌండ్ ఆయన పాటలకి పెట్టిన సెట్టింగు అట్లే వదిలేస్తాడు, మీరు మధ్యాహ్నమే పిల్లలతో ఒకసారి చెప్పించి చూసుకోండి.

కొండారెడ్డి బురుజు

అందరూ నాటకం నాటకం అంటాండారు, మార్చిలో టెన్త్ పబ్లిక్ పరీక్షలు పెట్టుకోని ఫిబ్రవరిలో రిహార్సల్సా? రిజల్ట్ తగ్గితే డీఈఓ ఆఫీసు ముందర నిలబడేది మీ హెచ్ఎం, మీరు కాదు. ఎనిమిది తొమ్మిది వాళ్లతో చేసుకోండి, టెన్త్ వాళ్లని జనంలో కూర్చోబెట్టండి చాలు.

ఇంకో విషయం, మీ పిల్లలు జన్మలో ఒక్క నాటకమన్నా చూసినారా? చూడనిది ఎట్ల వేస్తారు. కర్నూల్లో సీ క్యాంపులో టీజీవీ కళాక్షేత్రంలో నాటకాలు ఆడతారు, వేషాలేసే పిల్లల్నన్నా ఒకసారి బస్సెక్కించి తీసుకురండి. స్టేజీ మీద నిలబడి గొంతు ఎంత ఎత్తాలో పుస్తకంలో రాసిచ్చేది కాదు.

కడప కారం దోసె

నేను టీచర్ని కాదు, ఇద్దరు పిల్లల అమ్మని, యాన్యువల్ డేలు చూసి చూసి విసిగిపోయిన దాన్ని. మేడం, దయచేసి చెట్లు నాటండి, నీళ్లు పొదుపు చేయండి, సెల్‌ఫోన్ చూడద్దు టైపు నాటకం మాత్రం వేయించద్దు. చివర్లో అందరూ వరసగా నిలబడి ఒక్కొక్కరు ఒక్కో నీతి అరుస్తారు, మా వెనక కూర్చున్నోళ్లు అప్పటికి సగం మంది లేచి పోయుంటారు.

మీ కథ మీ పోస్టులోనే ఉంది కదా. సుగ్గి. ఒక ఇంట్లో అవ్వ దగ్గర పిల్లోణ్ని వదిలిపోవాల్నా వెంట తీసకపోవాల్నా అని రాత్రి జరిగే మాటలు, కూలోళ్లని పనికి తీసకపోయే మేస్త్రి అడ్వాన్సు డబ్బులు తెచ్చి చేతిలో పెట్టడం, పొద్దున బొలేరోలో మూటలు ఎక్కించడం, క్లాసులో హాజరు పిలిస్తే పలకని పేరు. ఇదంతా మీ పిల్లలకి డైరెక్షన్ చేయాల్సిన పని లేదు, వాళ్లే మీకు చెప్తారు. మాటలు కూడా వాళ్ల మాటలే పెట్టండి, పుస్తకం తెలుగు వద్దు. సినిమాల్లో సీమ అంటే సుమోలు లేవాల, తొడ కొట్టాల, బాంబులేయాల, మన ఇండ్లల్లో మాట్లాడుకునే యాసని స్టేజీ మీద మామూలుగా వింటే జనం లేచిపోరు.

మా జిల్లాలో సురభి అనే పల్లె ఉంది. తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాలు 1885లో అక్కడ కీచక వధ వేసినారు, అదే సురభి నాటకాలకి మొదలు. ఇంట్లో ఆడోళ్లు, పిల్లలు, ముసలోళ్లు అందరికీ ఏదో ఒక పని, వేషం లేనోళ్లు తెరలు లాగుతారు. మీ కుర్చీలు మోసే పిల్లలకి కూడా అట్ల పనులు పంచండి. లైటు, తెర, మేకప్, గంట కొట్టడం, కరపత్రం రాయడం. కరపత్రంలో తెర లాగిన పిల్లోడి పేరు కూడా రాయండి, వాళ్లమ్మ దాన్ని దాచిపెట్టుకుంటాది.

ఆదోని టీచరమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్. దోసె అక్కా, సుగ్గి కథ అనగానే నాకే భయమేసింది, ఊరోళ్లు మా పరువు తీస్తారా అంటారేమో, మేస్త్రీలు కూడా ముందర వరసలోనే కూర్చుంటారు కదా.

తాడిపత్రి నాటకాల పిచ్చోడు

మేస్త్రిని విలన్ చేయద్దు మేడం. వాడు కూడా అప్పు తీర్చుకునేదానికే తిరుగుతాంటాడు, అట్ల రాయండి. ముందర వరసలో కూర్చున్నాయన తిట్టడు, ఏడుస్తాడు. స్క్రిప్టు అయినాక ముందే సర్పంచికి, పేరెంట్స్ కమిటీ వాళ్లకి చదివి వినిపించండి, ఫంక్షన్ రోజు కొత్తగా వింటే తేడా కొడతాది.

ఆదోని టీచరమ్మ

అప్‌డేట్ ఇస్తున్నా. హెచ్ఎం సార్ ఇరవై నిమిషాలు ఇచ్చినారు, రెండు డ్యాన్సుల మధ్యలో. టెన్త్ వాళ్లు లేరు, అందరూ ఎనిమిది, తొమ్మిదే. డైలాగులు పిల్లలే చెప్తుంటే నేను రాసుకుంటున్నా, నాకు తెలీని సంగతులు చెప్తున్నారు, మిరప తోటలో కండ్ల మంటకి ఏం చేస్తారు, ఎవరి గుడిసెలో ఎవరు పడుకుంటారు అన్నీ. జోడీలు మీరు చెప్పినట్టే ఊర్లు కలిపి రాసినా, రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. మేస్త్రి వేషం తొమ్మిదో తరగతి అమ్మాయి నేనే వేస్తా, మీసం పెట్టాలంతే అనింది. మీసం ఊడిపోకుండా దేంతో అంటించాలి? ఫెవికాల్ అంటున్నారు పిల్లలు.

తాడిపత్రి నాటకాల పిచ్చోడు

అయ్యో ఫెవికాల్ వద్దు తల్లీ, మొహం పాడైపోతాది. స్పిరిట్ గమ్ము అని ఉంటాది, నాటకాలకి డ్రస్సులు బాడుగకిచ్చే వాళ్ల దగ్గర అడగండి, చిన్న సీసా చాలు. ముందు రోజు చేతి మీద రాసి చూడండి, దురద రాకపోతేనే మూతికి పెట్టండి. తీసేటప్పుడు లాగద్దు, కొబ్బరినూనె రాసి కాసేపు ఆగితే అదే వస్తాది.