బైకు వెనక యాక్సిల్ నట్ బరువుగా తిరుగుతోంది, మరలు పోకుండా ఏం చేయాలి?

చెయిన్‌స్లాక్:
చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ వెనక యాక్సిల్ నట్ ఇంకాస్త బరువుగా తిరుగుతోంది. ఈసారి విప్పితే మరల సందుల్లో వెంట్రుకల్లా వెండిరంగు పీచు కనిపించింది. స్ప్లిట్ పిన్ (నట్ ఊడకుండా యాక్సిల్ రంధ్రంలో దూర్చి రెండు కాళ్లూ వంచే పిన్) ఉండే రకం నట్. టార్క్ రెంచ్‌తోనే (పెట్టుకున్నంత తిప్పుడు బలం, అంటే టార్క్, రాగానే 'క్లిక్' మనేది) బిగిస్తున్నా. గ్రీజు పూస్తే సరిపోతుందా?

పదిహేడోపానా:
ఆ పీచు అరిగిపోతున్న మరలదే. ముందు పిన్నును అనుమానించండి. లాగేటప్పుడు దాని కాలొకటి తెగి యాక్సిల్ రంధ్రంలోనే ఉండిపోతుంది. అది చూడకుండా నట్ తిప్పారంటే ఆ ముక్క ఉలిలా పనిచేసి నట్ మరల్ని చెక్కేస్తుంది. పానా పెట్టేముందు రంధ్రంలోంచి అవతలి వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే సన్న పంచ్‌తో ముక్కను తోసేయండి.

అందరూ బిగించేటప్పుడు మరలు తుడుస్తారు. అసలు నష్టం విప్పేటప్పుడే జరుగుతుంది! నట్ బయటికి పొడుచుకొచ్చిన మరల మీద తుప్పు, ఇసుక పట్టి ఉంటాయి, నట్ వాటన్నిటినీ నూరుకుంటూ రావాలి. కాబట్టి వైరు బ్రష్, కిరోసిన్ పని ముందే కానివ్వండి.

యాక్సిల్‌ను బయటికి తట్టడానికి ఇనప సుత్తితో నేరుగా కొట్టొద్దు, చివరి మర విచ్చుకుపోతుంది. నట్‌ను యాక్సిల్ అంచుకు సమంగా ఉంచి, మధ్యలో చెక్కముక్క పెట్టి తట్టండి.

ఎక్కించేటప్పుడు నట్‌ను ముందు వెనక్కి తిప్పండి. మర మొదలు దగ్గర చిన్నగా 'టక్' మని దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడినుంచి ముందుకు తిప్పితే నాలుగైదు చుట్లు వేళ్లతోనే వెళ్లాలి. వెళ్లకపోతే విప్పేసి మళ్లీ మొదలుపెట్టడమే, పానా జోలికి వెళ్లకండి. బిగించేటప్పుడు యాక్సిల్ తలను ఒక పానాతో కదలకుండా పట్టుకుని నట్‌నే తిప్పాలి.

గ్రీజుచేతులు:
గ్రీజు యాక్సిల్ ఒంటికి పూయండి. మరలకు మాత్రం సర్వీస్ మాన్యువల్ చెబితేనే. టార్క్‌లో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, పదోవంతుకు అటూఇటుగా మాత్రమే నట్ పట్టుకి పనికొస్తుంది. పొడి మరలకి ఇచ్చిన అంకెను గ్రీజు మరల మీద వాడితే అదే టార్క్‌కి లాగుడు బాగా పెరిగి మరలు సాగుతాయి.

తేడాగా ఎక్కిన మర రాపిడికి కూడా రెంచ్ 'క్లిక్' మంటుంది. దానికి నట్ కూర్చుందో ఇరుక్కుందో తెలియదు. చిన్న బైకుల్లో చాలావాటికి వెనక యాక్సిల్ టార్క్ 60–90 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. 35 సెంటీమీటర్ల పిడి చివర సుమారు 20 కిలోల బలం పెడితే 70 వచ్చేస్తుంది. పిడికి పైపు తగిలించి, పైన నిలబడి తొక్కే వాళ్లని ఆపండి బాబూ. ఇంపాక్ట్ గన్‌తో బిగించడమూ అంతే.

పిన్ రంధ్రం కలవకపోతే నట్‌ను వెనక్కి వదలొద్దు, ముందుకే జరపాలి.

చెయిన్‌స్లాక్:
నిజమే, రంధ్రంలో పిన్ ముక్క ఉంది. కొత్త నట్ వేస్తే మూడు చుట్ల తర్వాత ఆగిపోతోంది. యాక్సిల్ కూడా మార్చాలా?

పదిహేడోపానా:
దెబ్బ ఎక్కడుందో చూడండి. నట్ చివరికి కూర్చునే చోటు దాటి, యాక్సిల్ కొసన మాత్రమే నలిగి ఉంటే అక్కడ బరువు పడదు. మరకీ మరకీ మధ్య దూరాన్ని (పిచ్) పిచ్ గేజ్‌తో కొలిచి, అదే పిచ్ ఉన్న త్రెడ్ ఫైల్‌తో సరిచేయొచ్చు. పెద్ద యాక్సిళ్లకి 1.5 మిల్లీమీటర్ల పిచ్ మామూలే, కానీ 1.25వి కూడా ఉంటాయి, ఊహించి డై (మరలు కోసే పనిముట్టు) ఎక్కించారంటే ఉన్న మర కూడా పోతుంది. నట్ కూర్చునే చోటే మరల కొనలు చదునైతే మార్చేయండి. అక్కడ బరువులో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు మరలే మోస్తాయి.

గ్రీజుచేతులు:
ముందు చక్రానికి వేరే జాగ్రత్త. కొన్ని బళ్లలో యాక్సిల్ నేరుగా ఫోర్క్ కాలి అల్యూమినియం మరల్లోకే ఎక్కుతుంది. పించ్ బోల్ట్ (యాక్సిల్‌ను ఫోర్క్ కాలిలో నొక్కిపట్టే బోల్ట్) వదులు చేయకుండా తిప్పితే, పోయేది ఉక్కు యాక్సిల్ కాదు, ఫోర్క్ కాలే.