యావజ్జీవం అంటే ఎన్నేళ్లు? ఉరిశిక్షపై చర్చ

పల్నాటి రైతుబిడ్డ:
1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి వచ్చినవాళ్లు బస్సుకు నిప్పు పెట్టడంతో 23 మంది ప్రయాణికులు చనిపోయారు. దోషులిద్దరి ఉరిశిక్షను 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఉరి తేదీ ఖరారయ్యాక 1997లో స్టే వచ్చింది, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఇంతమంది ప్రాణాలు పోయినా ఉరి తగదంటే, అది ఇంకెప్పుడు తగుతుందో రద్దు కోరేవారు చెప్పాలి.

ఓరుగల్లు ప్లీడరు:
రాష్ట్రపతి చేసింది సరైన పనేనని నా నమ్మకం. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ నేరాలకే ఉరి అన్నది గానీ, ఆ అరుదుకు కొలత ఏమిటో నేటికీ ఒక్కో బెంచి ఒక్కో తీరుగా చెబుతోంది. ఎమర్జెన్సీ కాలంలో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాద్ జైలులో నక్సలైట్ ఉద్యమానికి చెందిన భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఆ తీర్పును ఈనాడు ఎవరు తిరగదోడినా వాళ్లు తిరిగి రారు. ఉగ్రవాదం, దేశంపై యుద్ధం మినహా మిగిలిన నేరాలకు ఉరి తీసివేయాలని 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది.

సిక్కోలు సూర్యం:
యావజ్జీవమంటే పద్నాలుగేళ్లేగా. తర్వాత ఇంటికే.

ఓరుగల్లు ప్లీడరు:
కాదండీ. యావజ్జీవమంటే బతికున్నంత కాలమని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 433-ఎ సెక్షన్‌లోని పద్నాలుగేళ్లు విడుదలకు గడువు కాదు, అంతకు ముందు వదలకూడదన్న అడ్డుకట్ట.

పల్నాటి రైతుబిడ్డ:
పుస్తకంలో అలాగే ఉంటుంది. మా ఊళ్లో పద్నాలుగు కూడా నిండలేదు.

ఓరుగల్లు ప్లీడరు:
చట్టం పద్నాలుగు అంటే పద్నాలుగే. ఆధారం లేని ఊరి కబుర్లతో పగకు న్యాయమని పేరు పెట్టకండి.

తెనాలి సువర్ణ:
ప్లీడరు గారూ, ఆ మాట తగదు. ఆయన ఊళ్లో ఏం జరిగిందో ముందు అడగండి.

పల్నాటి రైతుబిడ్డ:
అడగకపోయినా చెబుతాను. పొలం గట్టు తగాదాలో మా నాన్నను గొడ్డలితో నరికి చంపారు. నరికినవాడికి యావజ్జీవం పడింది. తొమ్మిదేళ్లు తిరగకుండానే స్వాతంత్ర్య దినోత్సవ విడుదలల్లో బయటికి వచ్చాడు. మాకెవరూ కబురైనా పెట్టలేదు. పాలు పోయడానికి వెళ్లిన మా అమ్మకు పాలకేంద్రం అరుగు మీద కూర్చుని కనిపించాడు. ఆమె క్యానుతో అలాగే వెనక్కి వచ్చి గుమ్మంలో దించింది. మధ్యాహ్నం దాకా మూత తీయలేదు, నీడలోకి జరపనూ లేదు, పాలు విరిగిపోయాయి. ఉరి వేసి ఉంటే అతను ఆ అరుగు మీద కూర్చునేవాడు కాదు. మీరు దీన్ని పగ అన్నారు.

ఓరుగల్లు ప్లీడరు:
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, మన్నించండి. 433-ఎ అడ్డుకట్ట గవర్నరు రాజ్యాంగం 161వ అధికరణం కింద ఇచ్చే క్షమాభిక్షకు వర్తించదు. అది మొదటే చెప్పకపోవడం నా తప్పు. అయినా గట్టు తగాదా హత్యకు ఏ కోర్టూ ఉరి వేయదు. కాబట్టి ఉరిశిక్ష ఉన్నా మీ అమ్మగారికి ఆ ఉదయం తప్పేది కాదు. మీకు అన్యాయం చేసింది కోర్టు వేసిన శిక్ష కాదు, ప్రభుత్వం దాన్ని మిమ్మల్ని అడగకుండా కోసివేయడం. దానిపై పోరాడవచ్చు: కర్నూలు జిల్లా రాజకీయాలతో ముడిపడిన ఒక ఖైదీకి గవర్నరు ఇచ్చిన క్షమాభిక్షను 2006లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, కులమూ రాజకీయ విధేయతా చూసి క్షమించరాదని చెప్పింది. 2002 గుజరాత్ అల్లర్ల నాటి బిల్కిస్ బానో సామూహిక అత్యాచారం, హత్యల కేసులో గుజరాత్ ప్రభుత్వం చేసిన దోషుల విడుదలనూ 2024 జనవరిలో రద్దు చేసింది. ఇరవై, ముప్పై ఏళ్ల దాకా శిక్ష తగ్గింపు లేకుండా యావజ్జీవం వేసే అధికారం కూడా 2008 నుంచి పై కోర్టులు వాడుతున్నాయి.

పల్నాటి రైతుబిడ్డ:
ముప్పై ఏళ్లని కోర్టు రాస్తే గవర్నరు చేతిలోని క్షమాభిక్ష పోతుందా?

ఓరుగల్లు ప్లీడరు:
పోదు. అది రాజ్యాంగం ఇచ్చింది.

తెనాలి సువర్ణ:
అంటే చిలకలూరిపేట దోషులను బతికించిందీ, ఈయన ఊళ్లో హంతకుణ్ణి విడిపించిందీ ఒకే తరహా అధికారమేనా?

ఓరుగల్లు ప్లీడరు:
అవును. ఆ అధికారం ఉండాలనే ఇప్పటికీ అంటాను, కానీ చచ్చినవాళ్ల ఇంటివాళ్లను పిలిచి వినకుండా దాన్ని వాడకూడదు.

పల్నాటి రైతుబిడ్డ:
ఆ పిలుపు మా ఇంటికి వచ్చిన రోజున ఉరి గురించి మళ్లీ మాట్లాడుకుందాం. అంతవరకు నా మాట మారదు.