ఉబుంటు పెట్టాలంటే సెక్యూర్ బూట్ ఆపాల్సిందేనా?

గుంటూరు_థర్డ్‌ఇయర్
అందరికీ నమస్కారం. నాది ఏసర్ ల్యాప్‌టాప్, విండోస్ 11 హోమ్, ఎన్‌విడియా గ్రాఫిక్స్. ల్యాబ్ కోసం ఉబుంటు 24.04 పెట్టుకోవాలి, విండోస్ కూడా ఉండాలి. చూసిన ప్రతి వీడియోలో మొదటి మాట ఒకటే: బయోస్‌లోకి వెళ్లు, సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రాంతో మెషీన్ మొదలవ్వకుండా ఆపే కాపలా) ఆపు, లెగసీ పెట్టు. మా సీనియర్ మాత్రం ఏదీ కదపొద్దు, అలాగే ఎక్కుతుంది అంటున్నాడు. పైగా నా దాంట్లో సెక్యూర్ బూట్ లైను మసగ్గా ఉంది, సెలెక్ట్ అవ్వట్లేదు. ఎఫ్12 కొట్టినా బూట్ మెనూ రావట్లేదు. ఆపాలా, వద్దా?

పార్క్‌లేన్_సర్వీస్
ఆపెయ్ తమ్ముడూ. సికింద్రాబాద్‌లో సర్వీస్ షాపు నాది. లైనక్స్ అడిగిన వాళ్లకి నేను చేసే మొదటి పని సెక్యూర్ బూట్ ఆపడమే. వదిలేస్తే ఏమవుతుందో చెప్తా. ఉబుంటు ఎక్కుతుంది, కాదనను. తర్వాత ఎన్‌విడియా డ్రైవర్ లోడ్ అవ్వదు, వర్చువల్‌బాక్స్ మాడ్యూల్ (డ్రైవర్ లాంటి ముక్క) లోడ్ అవ్వదు, కొన్ని వైఫై డాంగిల్స్ డ్రైవర్లదీ అదే కథ. కస్టమర్ మళ్లీ షాపుకొస్తాడు. ఇంట్లో వాడుకునే ల్యాప్‌టాప్‌కి అంత సెక్యూరిటీ ఎందుకు? బూట్ సెక్టార్ మీద దాడి చేసేంత విలువైనది ఏముంది దాంట్లో, రికార్డు పుస్తకం పీడీఎఫ్‌లు తప్ప?

వాలొరెంట్_వంశీ
ఆపితే విండోస్ 11లో వాలొరెంట్ గేమ్ తెరుచుకోదు బ్రో. బాటిల్‌ఫీల్డ్ 6 కూడా అంతే. నా ఓటు వద్దనే.

కెర్నెల్_కామేశ్వరి
వీడియోల వాళ్లు రెండు వేర్వేరు సెట్టింగ్‌లను ఒకే గాటన కట్టేస్తున్నారు. ముందు వాటిని విడదీద్దాం.

లెగసీ అంటే పాత బయోస్ పద్ధతిలో బూట్ అవ్వడం. విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో డిస్క్ జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) పద్ధతిలో ఉంటుంది, విండోస్ యూఈఎఫ్‌ఐలో (పాత బయోస్ స్థానంలో వచ్చిన పద్ధతి) ఎక్కి ఉంటుంది. నువ్వు లెగసీకి మార్చి ఉబుంటు పెడితే, ఒకటి ఒక పద్ధతిలో, రెండోది ఇంకో పద్ధతిలో బూట్ అవుతాయి. గ్రబ్ మెనూ (ఆన్ చెయ్యగానే ఉబుంటునా, విండోసా అని అడిగేది) నుంచి విండోస్‌లోకి వెళ్లలేవు, ప్రతిసారీ బయోస్‌లో మోడ్ మార్చుకుంటూ కూర్చోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి ఆ ఆప్షనే లేదు, అదీ మంచికే. కాబట్టి లెగసీ గురించి చర్చ అక్కర్లేదు, దాని జోలికి పోవద్దు.

సెక్యూర్ బూట్ వేరే సంగతి. 2012లో విండోస్ 8తో పాటు జనంలోకి వచ్చింది. బూట్ అయ్యే ప్రతి ఫైల్ మీద నమ్మకమైన సంతకం ఉందో లేదో ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) చూస్తుంది, లేకపోతే ఆపేస్తుంది. ఉబుంటు, ఫెడోరా అప్పట్లోనే దీనికి దారి వెతుక్కున్నాయి. షిమ్ అనే చిన్న ప్రోగ్రాం మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, షిమ్ గ్రబ్‌ని, గ్రబ్ కెర్నెల్‌ని (లైనక్స్ గుండెకాయ) తనిఖీ చేసి వదులుతాయి. డెబియన్ కాస్త ఆలస్యంగా, 2019లో బస్టర్‌తో చేరింది. అంటే ఆపకపోతే లైనక్స్ ఎక్కదు అన్నది పదేళ్లకి పైగా పాతబడిన మాట.

డ్రైవర్ సంగతి. సర్వీస్ అన్నగారు చెప్పింది అబద్ధం కాదు, కానీ మందు ఉంది. ఉబుంటు తన సంతకంతోనే సిద్ధం చేసిన ఎన్‌విడియా మాడ్యూల్స్ ఇస్తుంది, "అడిషనల్ డ్రైవర్స్" నుంచి తీసుకుంటే చాలాసార్లు ఏ గొడవా ఉండదు. నీ మెషీన్‌లోనే కంపైల్ అయ్యే డీకేఎంఎస్ మాడ్యూల్స్‌కి మాత్రం నీ సొంత కీ ఒకటి ఎన్‌రోల్ చెయ్యాలి. దాన్నే మోక్ (మెషీన్ ఓనర్ కీ) అంటారు.

బూడిద రంగు సంగతి. ఏసర్‌లో చాలా మోడళ్లలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టేదాకా సెక్యూర్ బూట్ లైను కదలదు. ఎఫ్2తో లోపలికి వెళ్లి సెక్యూరిటీ ట్యాబ్‌లో పాస్‌వర్డ్ పెట్టాలి. పని అయ్యాక అదే చోట ఖాళీ పాస్‌వర్డ్ ఇచ్చి తీసెయ్యి, మర్చిపోతే సర్వీస్ సెంటర్ గతి. ఎఫ్12 రాకపోవడానికి కారణం మెయిన్ ట్యాబ్‌లో "ఎఫ్12 బూట్ మెనూ" ఆపి ఉండటం, దాన్ని ఎనేబుల్ చేస్తే చాలు. నీకు నిజంగా కావాల్సిన మార్పు ఇదొక్కటే.

స్వేచ్ఛ_సాఫ్ట్‌వేర్
కామేశ్వరి గారూ, వివరం బాగుంది కానీ అసలు ప్రశ్న దాటేశారు. తాళం మన ఇంటిది, తాళంచెవి మైక్రోసాఫ్ట్ దగ్గర. ఇది భద్రతా, పెత్తనమా? 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చింది, గుర్తుందా? డ్యూయల్ బూట్ (విండోస్, లైనక్స్ రెండూ) ఉన్న మెషీన్లకి వర్తించదన్నారు. తీరా చూస్తే ఎంతోమందికి లైనక్స్ వైపు "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని చూపించి బూటే కాలేదు. పూర్తి పరిష్కారం 2025 మే అప్‌డేట్‌లకి గానీ రాలేదు. అదే 2024 జులైలో పీకేఫెయిల్ అనే లోపం బయటపడింది. "డు నాట్ ట్రస్ట్" అని పేరులోనే రాసి ఉన్న టెస్ట్ కీని పేరున్న కంపెనీలు వందల మోడళ్లలో అలాగే పెట్టి అమ్మేశాయి. 2023లో బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్ (విండోస్ కంటే ముందే లోడ్ అయ్యే మాల్వేర్) అయితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న విండోస్ 11 మీదే ఎక్కి కూర్చుంది. ఇన్ని చిల్లులున్న దాన్ని కాపాడుకోవడానికి పిల్లాడు మోక్ తంటాలు ఎందుకు పడాలి?

కెర్నెల్_కామేశ్వరి
చిల్లులు ఉన్నాయి, ఒప్పుకుంటాను. 2024 నవంబర్‌లో బూట్‌కిట్టీ బయటపడింది, లైనక్స్ కోసమే రాసిన మొదటి యూఈఎఫ్‌ఐ బూట్‌కిట్. అది సొంత సంతకంతో వచ్చింది కాబట్టి, దాని కీ ఎన్‌రోల్ చెయ్యకపోతే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మెషీన్‌లో నడవదు. ఆపేసిన మెషీన్‌లో ఆ అడ్డు ఉండదు.

స్వేచ్ఛ_సాఫ్ట్‌వేర్
సగమే చెప్పారు. అదే బూట్‌కిట్టీ లోగోఫెయిల్ అనే ఫర్మ్‌వేర్ లోపాన్ని వాడుకుని, ప్యాచ్ చెయ్యని కొన్ని ఫర్మ్‌వేర్లలో తన కీని తానే ఎక్కించుకోగలదని కొద్ది రోజుల్లోనే తేలింది. ఆ లోపం బయటపడింది 2023 డిసెంబర్‌లో. మన దగ్గర బయోస్ అప్‌డేట్ చేసేవాళ్లు ఎంతమంది?

కెర్నెల్_కామేశ్వరి
అయితే బయోస్ అప్‌డేట్ చెయ్యమని చెప్పండి, సెక్యూర్ బూట్ ఆపమని కాదు. పెత్తనం గురించి మీరన్నదానిలో మాత్రం బలం ఉంది. 2022లో కొన్ని కొత్త థింక్‌ప్యాడ్‌లు లైనక్స్ షిమ్‌కి వాడే మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ని నమ్మకుండానే వచ్చాయి, బయోస్‌లో వెతికి ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. అది తప్పే. ఇంకోటి కూడా ఉంది, నేనే చెప్తా. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఉబుంటు, ఫెడోరా కెర్నెల్స్ లాక్‌డౌన్‌లోకి (కెర్నెల్‌ని మార్చగల పనుల్ని అడ్డుకునే స్థితి) వెళ్తాయి, హైబర్నేట్ పని చెయ్యదు. హైబర్నేట్ లేకుండా బతకలేని వాళ్లు, కెర్నెల్ సొంతంగా కంపైల్ చేస్తూ సంతకాల గొడవ వద్దనుకునే వాళ్లు ఆపుకోవచ్చు. థర్డ్ ఇయర్ కుర్రాడి అవసరం ఆ రెంటిలో ఏదీ కాదు.

విశాఖ_సిసాడ్మిన్
మీరిద్దరూ కొట్టుకునేలోపు ఒక మాట. తమ్ముడూ, ఆపినా ఆపకపోయినా బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) సంగతి ముందు చూసుకో. హోమ్ ఎడిషన్‌లో కూడా "డివైస్ ఎన్‌క్రిప్షన్" పేరుతో అదే ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌ల్లో చెప్పాపెట్టకుండా ఆన్ అయిపోతుంది. సెక్యూర్ బూట్ స్థితి మారితే టీపీఎంలో (ఆ తాళంచెవిని దాచే చిప్) కొలతలు మారతాయి. తెల్లారి విండోస్ ఆన్ చేస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇప్పుడే తెరిచి కాగితం మీద రాసుకో. ఇంటర్‌లో ఎవరో తెరిచిచ్చిన మెయిల్ ఐడీతో లాగిన్ అయి, దాని పాస్‌వర్డ్ తెలియని పిల్లల్ని మా ఆఫీసులోనే చూశాను. అంత టెన్షన్ ఎవరికీ వద్దు.

పార్క్‌లేన్_సర్వీస్
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. కీ లేకుండా వచ్చిన డిస్క్‌కి మేం చేసేదేం లేదు, ఫార్మాటే. అయినా నా మాట మీదే ఉన్నా. మోక్ స్క్రీన్ చూసి కంగారు పడే వాళ్లకి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పాలి? షాపు నడిపేవాడి లెక్క వేరు మేడమ్.

కెర్నెల్_కామేశ్వరి
షాపు లెక్క అర్థమైంది అన్నగారూ. కాకపోతే ఆ లెక్కే వీడియోల్లోకి ఎక్కి అందరికీ సలహా అయిపోయింది, నా బాధ అది.

ఇంకో సంగతి. మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగుస్తుంది. దాంతో పాత షిమ్‌లు ఆ రోజే ఆగిపోతాయని కంగారొద్దు, బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ గడువు తేదీ చూడదు. కానీ కొత్త షిమ్‌లకి 2023 సర్టిఫికెట్ కావాలి. అందుకోసమైనా బయోస్ అప్‌డేట్ ఉందేమో చూసి, ముందు అది చేసి, తర్వాత ఉబుంటు పెట్టుకో.

గుంటూరు_థర్డ్‌ఇయర్
అందరికీ థ్యాంక్స్. రికవరీ కీ రాసుకున్నాను. ఎఫ్12 ఎనేబుల్ చేశాను, సెక్యూర్ బూట్ ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ ఉబుంటు వచ్చింది, ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కూడా కనిపిస్తోంది. థర్డ్ పార్టీ డ్రైవర్లు టిక్ పెడితే సెక్యూర్ బూట్‌కి ఒక పాస్‌వర్డ్ పెట్టమంటోంది. ఇదేనా మోక్? బయోస్ పాస్‌వర్డే ఇవ్వాలా?

కెర్నెల్_కామేశ్వరి
అదే మోక్. బయోస్ పాస్‌వర్డ్ కాదు, ఇప్పటికిప్పుడు కొత్తది పెట్టు, ఒక్కసారే వాడతావు. గుర్తులు లేకుండా అక్షరాలు, అంకెలు చాలు. ఆ స్క్రీన్‌లో కీబోర్డు యూఎస్ లేఅవుట్‌లో ఉంటుంది. రీబూట్ అయ్యాక నీలం స్క్రీన్ వస్తుంది, క్రాష్ అనుకోకు. పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కాలి, తర్వాత ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. ఆ పది సెకన్లూ టీ కోసం లేవకు. దాటిపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, డ్రైవర్ మాత్రం లోడ్ అవ్వదు, కీ మళ్లీ ఇంపోర్ట్ చెయ్యాలి.

అంతా అయ్యాక గ్రబ్ రాకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్తే, ముందు బూట్ ట్యాబ్‌లో ఉబుంటుని పైకి జరుపు. అక్కడ కనిపించకపోతే సెక్యూరిటీ ట్యాబ్‌లో యూఈఎఫ్‌ఐ ఫైల్‌ని నమ్మకమైనదిగా ఎంచుకునే లైను ఉంటుంది. దాంట్లో ఈఎఫ్‌ఐ, ఉబుంటు ఫోల్డర్లలోకి వెళ్లి షిమ్ ఫైల్ ఎంచుకో, గ్రబ్ ఫైల్ కాదు. దానికి మాత్రం ఆ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ కావాలి.