నాటకం మీదే ఉండాలంటే ఏడాది లెక్క ఎలా వేసుకోవాలి? (గుంటూరు)

బ్రాడీపేట కుర్రాడు:
మాది చిన్న నాటక సమాజం. గంట నిడివి సాంఘిక నాటిక రిహార్సల్స్‌లో ఉంది. ఆరు పాత్రలు, అందులో రెండు ఆడపాత్రలు. నాటక పోటీలు పెట్టే పరిషత్తులిచ్చే పారితోషికం వ్యాన్ కిరాయికీ భోజనాలకే సరిపోయేలా ఉంది. వేరే ఉద్యోగం చూసుకోకుండా ఏడాది పొడుగునా ఈ పనిలోనే ఉండాలంటే డబ్బు ఎక్కడెక్కడి నుంచి రావాలి, ఖర్చు ఎక్కడ కోయాలి? సమాజాన్ని రిజిస్టర్ చేయిస్తే నిజంగా ఉపయోగం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక:
తమ్ముడూ, ముందు పరిషత్తును రాబడి ఖాతాలోంచి తీసెయ్. అది పేరుకీ, కొత్త పిలుపులకీ. ఖర్చు రెండు పద్దులుగా రాసుకో. ఒకటి, నాటిక తయారయ్యేలోపు ఒక్కసారే పెట్టేది: సెట్టు, దుస్తులు, సంగీతం రికార్డింగు, రచయితకిచ్చేది. రెండోది, ప్రతి ప్రదర్శనకీ పెట్టేది: ఆర్టిస్టుల పారితోషికం, మేకప్, లైట్లు, బండి, భోజనాలు. మాటవరసకి మొదటిది 60,000, రెండోది 25,000 అనుకో. మూడు ప్రదర్శనలతో ఆపేస్తే ఒక్కోదానికీ 45,000 పడుతుంది. పన్నెండు వేస్తే 30,000కి దిగుతుంది. ప్రదర్శనకి 32,000 చేతికొస్తుందనుకుంటే, మూడింటికి మొత్తం 39,000 పోతుంది, పన్నెండింటికి 24,000 మిగులుతుంది. మనవాళ్లేమో బహుమతి రాగానే ఆ నాటికను అటకెక్కించి కొత్తదానికి కొబ్బరికాయ కొడతారు. మునిగేది అక్కడే.

కోత పెట్టాల్సింది సెట్టులో, ఆర్టిస్టుల డబ్బులో కాదు. టాటా ఏస్ తొట్టి పొడవు ఏడడుగుల చిల్లర, వెడల్పు ఐదడుగుల లోపు. ఎనిమిదడుగుల ఫ్లాట్లు (గోడలా నిలబెట్టే, గుడ్డ బిగించిన చెక్క చట్రాలు) ఒకే ముక్కగా చేయిస్తే తోక బయటికొస్తుంది, ఇంకా పెద్ద బండి మాట్లాడాలి. ఎనిమిదికి నాలుగు ఫ్లాటును నడిమికి మడిచేలా చేయించు, నాలుగుకి నాలుగు అవుతుంది. మడతబందులు ముందువైపు బిగిస్తే మడిచినప్పుడు రంగేసిన ముఖాలు రెండూ లోపలికి పోతాయి, దారిలో గీసుకుపోవు. బందులు కనబడకుండా పైన అదే రంగు గుడ్డపట్టీ అంటించొచ్చు. నిలబెట్టాక వెనక నిలువు బద్ద ఒకటి బోల్టులతో బిగించడం మరిచిపోవద్దు. లేకపోతే పాత్ర తలుపు దడాలున వేసినప్పుడల్లా గోడ నడుం వంచుతుంది.

ఆడపాత్రలకొచ్చే ఆర్టిస్టులు సీజన్లో రెండు మూడు సమాజాలకి చేస్తుంటారు. తేదీ ఖాయమైన రోజే అడ్వాన్సు ఇచ్చి రాయించుకో. నోటిమాట మీద ఉంటే పరిషత్తు వారం ముందు తేదీలు ఢీకొంటాయి, అప్పుడు కొత్తామెకి డైలాగులు ఎక్కించడం ఎవరివల్లా కాదు.

అరండల్‌పేట:
పైన చెప్పింది ఖర్చు సంగతి. రాబడి మూడు చోట్ల నుంచి రావాలి, ఏ ఒక్కటీ చాలదు.

బడుల్లో నాటక శిక్షణ. వేసవిలో పది రోజుల బ్యాచ్, రోజుకి రెండు గంటలు, పదిహేను నుంచి ఇరవై మంది పిల్లలు. అంతకుమించితే నేర్పేవాళ్లు ఒక్కరే పర్యవేక్షించడం కుదరదు. సగం డబ్బు మొదటిరోజే తీసుకోవాలి. చివరిరోజు పిల్లలతో పదిహేను నిమిషాల ప్రదర్శన ఉంటేనే తల్లిదండ్రులు మళ్లీ పంపుతారు.

ఆకాశవాణి. విజయవాడ కేంద్రంలో (పున్నమ్మతోట) నాటక విభాగం ఆడిషన్ ఎప్పుడో కనుక్కుంటూ ఉండండి. నెగ్గితే గ్రేడు ఇస్తారు, దాన్నిబట్టే పారితోషికం. రంగస్థలం గొంతుతో వెళ్తే చాలామంది అక్కడే పోతారు. చివరి వరసకి వినిపించాలని అరిచే అలవాటు మైకు ముందు పనికిరాదు. ‘ప’, ‘ఫ’, ‘భ’ దగ్గర ఊపిరి మైకుని కొట్టకుండా మొహం కొంచెం పక్కకి తిప్పి చదవడం ఇంట్లో ఫోన్లో రికార్డు చేసుకుంటూ సాధన చేయాలి.

మూడోది సర్కారు సాయం, దానికే రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మీది ఇంకా చిన్నదైతే రచయితనీ లైట్లాయననీ చేర్చుకోండి. కేంద్ర సాంస్కృతిక శాఖ సంస్థలకిచ్చే గ్రాంట్లకి రిజిస్టరై కొన్నేళ్లు గడవాలి, ఆడిట్ లెక్కలు ఉండాలి. అందుకే ఇప్పుడు అవసరం లేదనిపించినా ఇప్పుడే చేయించాలి. డబ్బు విడతల్లో వస్తుంది గనుక దాన్ని నమ్మి అప్పు చేయొద్దు. మనుషుల పేరున ఇచ్చే ఫెలోషిప్‌లు వేరు: 25–40 ఏళ్లవాళ్లకి జూనియర్, నెలకి 10,000, 40 దాటితే సీనియర్, నెలకి 20,000, రెండేళ్లు. అవి పరిశోధన ప్రతిపాదనకే, నాటిక ఆడటానికి కాదు.

మొగల్రాజపురం:
ఒక్కమాట కలుపుతాను. టికెట్ పెట్టి ఆడితే రచయిత దగ్గర కాగితం మీద అనుమతి తప్పనిసరి. ఔత్సాహిక సమాజాలకి కాపీరైట్ చట్టంలో ఉన్న వెసులుబాటు టికెట్ లేని ప్రదర్శనలకీ, మతసంస్థల సహాయార్థం ఆడేవాటికీ మాత్రమే. అనుమతిలో ఎన్ని ప్రదర్శనలు, ఒక్కోదానికి ఎంత, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా లేదా, ఇవి మూడూ రాసుండాలి. గొడవలన్నీ మూడోదాని దగ్గరే.

హాలు విషయంలో కృష్ణలంక గారు చెప్పని సంగతి: విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాలు టికెట్ నాటకానికి మొదట్లో వద్దు. నూట యాభైమంది వచ్చినా ఖాళీగానే కనబడుతుంది, మైకులు లేకుండా కుదరదు. చిన్న హాల్లో అదే జనం నిండుగా ఉంటారు.

బ్రాడీపేట కుర్రాడు:
చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. ఇంకొకటి. ఫ్లాట్ల మీద గాడాగుడ్డకి గంజి పెట్టాం. ముసురు పట్టినప్పుడు వదులై అలలు తేలుతోంది. ఏం చేయాలి?

కృష్ణలంక:
గంజి తేమ పీలిస్తే మెత్తబడుతుంది, బిగువు పోతుంది. పైగా బూజు, ఎలకలు. ఇప్పుడున్న గుడ్డని తడిపి పాత గంజి కడిగెయ్. ఒక పాలు ఫెవికాల్‌కి ఐదారు పాళ్ల నీళ్లు కలిపి, గుడ్డ లాగి మేకులు కొట్టాక వెనకవైపు ఒక పూత, ముందువైపు ఒక పూత వెయ్యి. మేకులు నాలుగు పక్కలా నడిమి నుంచి మూలలకి కొట్టుకుంటూ రావాలి, మూలల్లో మొదలుపెడితే ముడతలు మధ్యకి చేరతాయి. పూర్తిగా ఆరాకే డిస్టెంపర్. గంజే కావాలంటే ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వెయ్యి, బూజు పట్టదు. విషం గనుక వంటగిన్నెలో మాత్రం కాచొద్దు.