కకవ్ అనాలా, కకవ అనాలా? మాయా లిపిలో ఒక పొల్లు సంగతి

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా నాగరికత గురించి తెలుగులో చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. చాక్లెట్టుకు మూలమైన గింజను ఆ ప్రజలు ‘కకవ’ అన్నారని ఒక వ్యాసంలో ఉంది, ‘కకవ్’ అన్నారని మరొక వ్యాసంలో ఉంది. వారి మట్టిపాత్రల మీద రాసినవి క, క, వ అనే మూడు అక్షరాలేనని మొదటి వ్యాసం బొమ్మ వేసి మరీ చూపించింది. మూడూ అచ్చుతో కూడిన అక్షరాలే అయినప్పుడు చివరి వకారానికి మనం పొల్లు పెట్టడం ఎంతవరకు సమంజసం? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం:

మంచి ప్రశ్న అడిగారండీ. వారు రాసింది నిజంగానే క-క-వ. పలికింది మాత్రం కకవ్. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ లిపి నడిచే తీరును కొంచెం దగ్గరగా చూడాలి.

మాయా లిపిలో రెండు రకాల గుర్తులు ఉంటాయి. మొత్తం మాటను ఒకే బొమ్మతో చెప్పేవి కొన్ని, ఒక హల్లును ఒక అచ్చుతో కలిపి పలికించేవి మరికొన్ని. ఈ రెండో రకాన్ని మన గుణింతంతో పోల్చవచ్చు గానీ, మనకు క, కి, కు అనే మూడింటిలోనూ కకారం ఆనవాలు కనిపిస్తుంది, వారికి మాత్రం ప్రతి అక్షరమూ విడిగా గీసిన బొమ్మే. ‘క’కు ఒక చేప, లేదా దాని రెక్కను పోలిన దువ్వెన పళ్ల వంటి గీతలు. ‘కు’కు దానితో ఏ పోలికా లేని మరో ఆకారం. అన్నిటికంటే ముఖ్యమైనది, మనకు అచ్చును తీసివేసి హల్లును మిగిల్చే పొల్లు ఉంది, వారికి అటువంటి గుర్తు లేదు. కానీ వారి మాటలు ఎక్కువ భాగం హల్లుతోనే ముగుస్తాయి. అందువల్ల చివరి హల్లును రాయడానికి ఏదో ఒక అచ్చుతో కూడిన అక్షరాన్ని వాడి, ఆ అచ్చును పలకకుండా వదిలేశారు.

ఉదాహరణకు, క్రీ.శ. 615 నుంచి 683 వరకు పాలెంకే అనే మాయా నగరాన్ని ఏలిన రాజు పేరు పకల్. ఆ మాటకు డాలు అని అర్థం. లేఖకులు కొన్నిచోట్ల డాలు బొమ్మ గీసి ఊరుకున్నారు, కొన్నిచోట్ల ప-క-ల అని మూడక్షరాలు రాశారు, మరికొన్నిచోట్ల డాలు బొమ్మ గీసి, చివర లకారం వస్తుందని గుర్తుచేయడానికి పక్కన ‘ల’ కూడా చేర్చారు. ఒకే పేరును ఇన్ని విధాల రాయడం వారికి గందరగోళం కాదు, అందం.

కకవ్ అన్న మాట విషయంలో మరొక ఆధారం కూడా ఉంది. మాయా కుటుంబానికి చెందిన దాదాపు 30 భాషలను గ్వాటెమాల, మెక్సికో, బెలీజ్ దేశాల్లో లక్షలాది మంది నేటికీ మాట్లాడుతున్నారు. మెక్సికోలోని యూకటాన్ ప్రాంతంలో ఇప్పటికీ ఆ గింజను కకవ్ అనే అంటారు. కాబట్టి ఆ పొల్లు మనం కొత్తగా పెట్టింది కాదు.

అడిగినవారు:

చాలా సంతోషమండీ. అయితే పలకని అచ్చు ఏదైనా ఫరవాలేదు కదా? కకవ్ అనడానికి క-క-వి అనో, క-క-వు అనో ఎందుకు రాయలేదు?

సమాధానం:

ఈ లిపి చదవగలిగింది సరిగ్గా ఆ సందేహం తీరాకనే. 1562లో మణి అనే ఊళ్లో మాయా గ్రంథాలను తగలబెట్టించిన స్పానిష్ మతాధికారి దియేగో దె లాందా, కొన్నేళ్ల తరువాత తానే ఆ లిపికి ఒక ‘అక్షరమాల’ రాయించుకున్నాడు. తాను అ, బె, సె అని స్పానిష్ అక్షరాల పేర్లు చదువుతూ పోతే, మాయా లేఖకుడు తన చెవికి వినిపించిన ధ్వనికి తగిన అక్షరం గీస్తూ వచ్చాడు. ఆ లిపిలో విడి హల్లులు లేవన్న సంగతి లాందాకు తట్టలేదు. చివరికి ఒక వాక్యం రాసి చూపమంటే లేఖకుడు రాసింది ‘మ ఇన్ కతి’. దానికి అర్థం ‘నాకు ఇష్టం లేదు’. తన భాష గ్రంథాలు బూడిదైన నేల మీద కూర్చుని ఆ మాట రాసిన చేయి ఎవరిదోగానీ, దాన్ని తలచుకున్న ప్రతిసారీ నా మనసు బరువెక్కుతుంది.

ఆ అసంపూర్ణమైన పట్టికనే 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నొరోజొవ్ కొత్త కంటితో చూశాడు. మిగిలిన గ్రంథాల్లో ఒకచోట టర్కీ కోడి బొమ్మ మీద రెండు గుర్తులున్నాయి. మొదటిది లాందా పట్టికలోని ‘కు’. యూకటాన్ భాషలో టర్కీ కోడిని ‘కుచ్’ అంటారు. ఇక్కడి చకారం మన చుక్క, చలి మాటల్లోని దంత్య చకారమే. కాబట్టి రెండో గుర్తు ‘చు’ కావాలి. కుక్క బొమ్మ దగ్గర అదే ‘చు’ ముందు వచ్చి, దాని వెనుక లాందా లకారంగా ఇచ్చిన గుర్తు ఉంది. కుక్కకు పాత మాట ‘చుల్’. అంటే కు-చు, చు-లు. పలకని అచ్చు పలికే అచ్చుకు ప్రతిధ్వనిగా వస్తోందన్నమాట. ప-క-ల, క-క-వ కూడా అంతే. రాముకు, హరికి అని మనం ఇకారం తరువాత ‘కు’ను ‘కి’గా మార్చుకుంటాం కదా, ఒక అచ్చు తన పక్క అచ్చును తనవైపు లాక్కునే గుణం తెలుగువారికి కొత్త కాదు. మనకది నోట్లో జరుగుతుంది, వారికి రాతలో జరిగింది.

ఈ నియమానికి మినహాయింపులూ ఉన్నాయి. ‘బాక్’ అంటే ఎముక, దాన్ని బ-కి అని రాశారు. అచ్చులు పొసగనప్పుడు ముందరి అచ్చు దీర్ఘమని తెలుసుకోవాలని కొందరు పండితుల అభిప్రాయం. దాని మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మరొకటి. హల్లుతో ముగిసే పరాయి మాటకు మనం అచ్చు తగిలించి బస్సు, రైలు, పెన్ను అంటాం, ఆ అచ్చును పలుకుతాం కూడా. వారూ రాతలో అచ్చు తగిలించారు, కానీ పలకలేదు. అజంతాలకు, అంటే అచ్చుతో ముగిసే మాటలకు, అలవాటుపడిన మన కంటికి క-క-వ చూడగానే ‘కకవ’ అని చదవాలనిపించడం అందుకే సహజం.

మరొక సభ్యురాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ పాత్రల మీద కకవ్ అన్న ఒక్క మాటే ఉంటుందా? మాది ఏలూరు ప్రాంతం. మా తోటల్లో కొబ్బరి చెట్ల మధ్య అంతరపంటగా కోకో వేస్తాం. కాయ కోసి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతాం. ఆ కోకోకూ ఈ మాటకూ సంబంధం ఉందా?

సమాధానం:

ఉందమ్మా. అజ్‌టెక్‌ల నహువాత్ల్ భాషలోని ‘కకవత్ల్’ నుంచి స్పానిష్‌వారు ‘కకావో’ అన్నారు. అది ఇంగ్లీషులో కొబ్బరికి వాడే మాటతో కలగలిసిపోయి ‘కోకో’ అయింది. పొరపాటున కొబ్బరితో ముడిపడిన ఆ పేరు మీ కొబ్బరి తోటలోనే నిలబడడం నాకెంతో ముచ్చటగా ఉంది.

పాత్రల మీద పెద్ద వాక్యమే ఉంటుంది. అందులో తరచుగా కనిపించే మాట ‘యుకిబ్’, యు-కి-బి అని రాస్తారు. మొదటి యకారం ‘అతని’ అని చెబుతుంది, ‘ఉక్’ అంటే తాగు, ‘ఇబ్’ పనిముట్టును తెలిపే ప్రత్యయం. దువ్వు నుంచి మనకు దువ్వెన వచ్చినట్టు, వారికి తాగు నుంచి తాగే పాత్ర వచ్చింది. దాని వెనుక యజమాని పేరు, పాత్రలో పోసే కకవ్ పేరు ఉంటాయి. 1984లో గ్వాటెమాలలోని రియో అసుల్ వద్ద ఒక సమాధిలో, తిప్పి బిగించే మూత ఉన్న మట్టిపాత్ర దొరికింది. దాని మీద కకవ్ అని చదివిన తరువాత లోపలి మడ్డిని పరీక్షిస్తే, నిజంగానే కోకో గింజల్లో ఉండే రసాయనాలు బయటపడ్డాయి. కొన్ని పాత్రల మీద లేఖకులు చేపను రెండుసార్లు గీయకుండా, ఒక్క చేప గీసి పక్కన రెండు చిన్న చుక్కలు పెట్టారు. ఆ అక్షరాన్ని రెండుసార్లు చదువుకోమని దానర్థం.

మొదటి ప్రశ్నకు వస్తే, రాసిన తీరు చూపవలసినచోట క-క-వ అని అడ్డగీతలతో విడదీసి, పలికే తీరు చూపవలసినచోట కకవ్ అని రాస్తే చదివేవారికి తికమక ఉండదు. మామూలు తెలుగు వాక్యంలో ‘కకవు’ అని మన పద్ధతిలో ఉకారం చేర్చినా నాకు అభ్యంతరం లేదు. ‘కకవ’ ఒక్కటి మాత్రం వద్దు.