భీమవరం సీటు: ఇద్దరు మనుషులు, నాలుగు పార్టీలు

గునుపూడి కుర్రాడు:
మొన్న టీ కొట్టు దగ్గర ఇదే గొడవ. 2004 నుంచి 2024 దాకా భీమవరంలో ఐదు అసెంబ్లీ ఎన్నికలు జరిగితే గెలిచింది ఇద్దరే. 2004లో గ్రంధి శ్రీనివాస్, కాంగ్రెస్. 2009లో పులపర్తి రామాంజనేయులు, అదే మన అంజిబాబు గారు, ఆయనా కాంగ్రెస్సే. 2014లో ఆయనే టీడీపీ. 2019లో గ్రంధి, వైసీపీ. 2024లో మళ్లీ అంజిబాబు గారు, ఈసారి జనసేన. మనవాళ్లు గుర్తు చూసి వేస్తున్నారా, మనిషిని చూసి వేస్తున్నారా?

రాయలం చెరువుగట్టు:
మా నాన్న తరం వేరండి. సైకిలు కనిపిస్తే గుద్దేయడమే. 83, 85, 94, 99 నాలుగుసార్లూ పెన్మెత్స వెంకట నరసింహరాజు గారే. మధ్యలో 89 ఒక్కటే కాంగ్రెస్‌కి పోయింది.

టూటౌన్ మాష్టారు:
మనిషీ కాదు, గుర్తూ కాదు తమ్ముడూ, లెక్క. 2019లో గ్రంధికి 70,642, పవన్ కల్యాణ్‌కి 62,285, టీడీపీ తరఫున అంజిబాబుకి 54,037. 8,357 తేడాతో పవన్ ఓడిపోయారు. ఓడిన ఆ ఇద్దరివీ కలుపు, 1,16,322 అవుతుంది. 2024లో పొత్తు కుదిరి అంజిబాబు గాజు గ్లాసు మీద నిలబడితే 1,30,424 వచ్చాయి. గ్రంధికి 63,450. మెజార్టీ 66,974 అనేసరికి ఊరంతా తిరగబడిందన్నారు. గ్రంధికి తగ్గినవి ఏడు వేల చిల్లర, అంతే!

పందెం పోయినోడు:
మాష్టారూ, ఈ లెక్క 2019లో చెప్పి ఉంటే నా ఐదు వేలు మిగిలేవి. సభలకి వచ్చిన జనాన్ని చూసి పవనే అని మా బావతో కట్టా. కౌంటింగ్ రోజు టీవీ ముందు కూర్చుంటే టెన్షన్‌తో అన్నం దిగలేదు. మా ఆవిడ "కంచం తీసెయ్యనా?" అంటే కసిరేశా. సాయంత్రానికి బావ ఫోన్.

గునుపూడి కుర్రాడు:
సభలకి వచ్చేవాళ్లలో సగంమంది పక్క ఊళ్ల కుర్రాళ్లే కదన్నా. వాళ్లకి ఇక్కడ ఓటెక్కడిది?

రాయలం చెరువుగట్టు:
మాష్టారి లెక్క ఒప్పుకుంటా గానీ, పొత్తు పెట్టుకుంటే ఓట్లు వాటంతటవే బదిలీ అయిపోవు. 2019లో మా గట్టు మీద గ్లాసోళ్లూ సైకిలోళ్లూ మాట్లాడుకోలేదు. 2024కి ఒకే ఆటోలో తిరిగారు. అదెలా కుదిరిందో చెప్పండి.

టూటౌన్ మాష్టారు:
అభ్యర్థి పాతాయనే కదండీ. సైకిలోళ్లకి అంజిబాబు ఇల్లు తెలుసు, గ్లాసోళ్లకి గుర్తు తమది. ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. 2014లోనూ జనసేన పోటీ చేయకుండా టీడీపీ, బీజేపీలకి మద్దతిచ్చింది, ఆయనే గెలిచారు.

పందెం పోయినోడు:
2024 డిసెంబర్‌లో గ్రంధి వైసీపీకి రాజీనామా చేశారుగా. ఇక ఈసారి ఎవరి మీద కట్టమంటారు?

గునుపూడి కుర్రాడు:
ముందు బావ బాకీ తీర్చన్నా.